డబ్బా అయిన ఐదు గీతలు

నేను ఒక లెక్కగుర్తును. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక ఏటవాలు గీత. బొగ్గుతో, సుద్దతో గోడలమీద బతికిన నన్ను యూనికోడ్ పెద్దలు నంబరిచ్చి కంప్యూటర్లోకి దించారు. ఒంటిగీతకొక నంబరు, ఐదైన నాకొకటి. రెండు, మూడు, నాలుగు కావాలంటే ఒంటిగీతలనే పక్కపక్కన పేర్చుకోవాలి. అయితే నా రూపం ఉన్న ఫాంటు లేకపోతే కంప్యూటర్ నా బదులు ఖాళీ డబ్బా చూపిస్తుంది. ఈమాత్రం కూడా తెలుసుకోకుండా మనుషులు నన్ను వాడేస్తారు. వాళ్ళ తెలివి అంతే.

చీరాల దగ్గర ఒక చేనేత సంఘంలో అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఒంటరి ఆడవాళ్ళ మగ్గాలకూ అందరితోపాటే నూలు ఇప్పిస్తానని పుల్లేశ్వరమ్మ నిలబడింది. ఎదుటివాడు పాత అధ్యక్షుడు నాగభూషణం. చదివిన ఓటుచీటీని, చేతిరాత ఎవరూ పోల్చకుండా, వెంటనే రంగుతొట్టిలో ముంచేయడం అక్కడి ఆచారం. మహా గుట్టు మనుషులు! లెక్క మాత్రం గోడమీద సుద్దతో గీసేవారు. ఈసారి కార్యదర్శి తిరుమలేశు, అంటే నాగభూషణం అల్లుడు, ల్యాప్‌టాప్‌లో మమ్మల్ని కొట్టి, ఆ ఫైలును హాల్లోని పాత కంప్యూటర్‌లో తెరిచి తెరమీద చూపించాడు.

పుల్లేశ్వరమ్మకు ఇరవై ఓట్లు, అంటే నేనే నాలుగుసార్లు. నాగభూషణానికి పద్నాలుగు. నేను రెండుసార్లు, పక్కన నాలుగు ఒంటిగీతలు. వాటికి మాత్రం కీబోర్డులో ఉండే మామూలు నిలువుగీతే కొట్టాడు, అది ఏ ఫాంటులోనైనా ఉంటుంది. తెరమీద నేనున్న చోటల్లా డబ్బాలే.

"డబ్బాలంటే చెల్లనియ్యే. మామయ్యకి నాలుగు, ఆమెకి సున్నా" అన్నాడు తిరుమలేశు. ల్యాప్‌టాప్‌లో నేను నిక్షేపంగా ఉన్నాను. చూశాడు. చూసి, మూత దించేశాడు. సిగ్గులేని జన్మ!

చీటీలు తొట్టిలో ముద్దయిపోయాయి. చదువుతుంటే విన్న జనమంతా అక్కడే ఉన్నారు. పుల్లేశ్వరమ్మ లేచింది.

"మిషను సంగతి నాకు తెలవదు. నాకేసినోళ్ళు ఈడనే ఉన్నారుగా. చెయ్యెత్తండయ్యా, చాలు."

ఒకాయన పైకప్పు చూశాడు. ఒకామె కొంగు సర్దుకుంది. నాగభూషణం అందరివైపూ తాపీగా చూశాడు. రేపు నూలు పంచేది ఎవరో వాళ్ళకు తెలుసు. పుల్లేశ్వరమ్మ చెయ్యి ఒక్కటే పైకి లేచింది. కాసేపటికి అదీ దిగింది.

ఆ కంప్యూటర్‌ను తర్వాత పాతసామానువాడికి ఇచ్చేశారు. కొత్తదానిలో నేను చక్కగా కనిపిస్తాను. ఆ ఫైలు తెరిస్తే ఆమె పేరు పక్కన ఇప్పటికీ నాలుగుసార్లు నిలబడే ఉన్నాను. ఎవరూ తెరవరు. ఫాంటు లేక నేను డబ్బానయ్యాను సరే, చేతులుండీ వాళ్ళకేం రోగం?