తాడు ఒగ్గకండి

ఎల్లాజీ కాలు విరిచింది మీరు. షామియానా కింద కుర్చీలు వేయించుకుని సోడాలు తాగుతూ కూర్చున్న మీరు. విజిలు మెడలో వేసుకుని దాన్ని ఊదడం మరిచిపోయిన మీరు. ఇనుప మేకుల బూట్లు కొనిచ్చి, అడ్డొచ్చినవాణ్ణి తొక్కేయండని చెవిలో చెప్పి పంపిన మీరు. "ఆటన్నాక దెబ్బలు తగలవా?" అని ఇప్పుడు నౌపడ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నారట. తగిలిన దెబ్బేదో కొట్టిన దెబ్బేదో తెలియనంత గుడ్డివాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. జరిగింది జరిగినట్టు వినండి.

ఉప్పు కాంట్రాక్టరు నరసింగరావు తన తండ్రి పేరు మీద ఫుట్‌బాల్ కప్పు పెట్టాడు. ఏటా వానలకు ముందు, మడుల్లోని ఉప్పు ఎత్తి కుప్పలు పోశాక, రైలు స్టేషను వెనకాల మైదానంలో పోటీ. కప్పు ఆయనదే, మైదానం ఆయనదే, రిఫరీ గణపతిరావు ఆయన ఆఫీసులో గుమస్తా. గెలిచే జట్టు కూడా ఆయనదే. ఉప్పు మడులకు కాపలా కాసే దుక్కల్లాంటి మనుషులకి బూట్లు తొడిగించి దింపేవాడు. వాళ్ళ మీద ఆడి, తన్నులు తిని, గోలులు తిని, గట్టు మీది జనాన్ని నవ్వించి పోవడానికి దిబ్బపాలెం పల్లెవాళ్ళు కావాలి. వీళ్ళు సముద్రం మీద బతికేవాళ్ళు. ఉత్త కాళ్ళు. ఒక్కటే బంతి వెనక పదిమందీ పరిగెత్తే ఆట.

కిందటేడు లక్ష్ముడి మోకాలు తొక్కేశారు. వాడు మళ్ళీ పడవెక్కలేదు. చంక కింద కర్ర పెట్టుకుని, ఒడ్డున కూర్చుని వలలు అల్లుకుంటున్నాడు.

లక్ష్ముడి పెదనాన్న కూర్మయ్య. కలకత్తా రేవులో బస్తాలు మోసి, అక్కడి మైదానాల్లో ఫుట్‌బాల్ చూసి, కొంత ఆడి, యాభై దాటాక ఊరికి తిరిగొచ్చినవాడు. నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది. తన అంత తెలివైనవాడు ఈ తీరంలో లేడని అందరి ముందూ చెప్పేవాడు. అల్లుడు ఎల్లాజీ జట్టులో అందరికన్నా ముందు ఆడేవాడు, పిల్లికాళ్ళవాడు. లక్ష్ముడి తరవాత వంతు వాడిదేనని కూర్మయ్యకి తెలుసు. వద్దంటే వినే రకం కాదు ఎల్లాజీ. అందుకే ఈ ఏడు జట్టుని తన చేతిలోకి తీసుకున్నాడు.

మొదటి రోజే పదిమందినీ వరసగా నిలబెట్టి, పెద్దవల లాగే తాడు తెచ్చి ఒకడి నడుముకీ ఇంకొకడి నడుముకీ కట్టాడు. మధ్యలో నాలుగు బారల ఎడం. బంతి ఇసకలోకి విసిరి, "ఆడండి" అన్నాడు. అలవాటు ప్రకారం ఎల్లాజీ బంతి వెనక దూకాడు. పక్కవాడు బోర్లా పడ్డాడు, వాడి పక్కవాడు వాడి మీద పడ్డాడు. ఒడ్డున ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు.

"ఏటి మావా ఇది? మేకల్ని కట్టినట్టు కట్టీసినావు!" అన్నాడు ఎల్లాజీ నోట్లో ఇసక ఉమ్ముతూ.

"మేకకైతే బుద్దుంటాది. పెద్దవల లాగినప్పుడు నీ పక్కోణ్ణి ఒగ్గీసి ఒక్కడివీ పరిగెడతావేట్రా? ఎడమోళ్ళు లాగితే కుడోళ్ళు లాగాల. నడుమ వదులుండాల. సేప ఆ వదులు సూసి, దారనుకుని లోపలికొస్తాది. అప్పుడు రెండు పక్కలా మూసీయాల. బంతిని తరమకండి. రానీండి."

ఇది ఎవరూ ఎక్కడా చూడని ఆట. రెండు నెలలు ఆ తాడుతోనే ఆడించాడు. ఎవడైనా బంతిని కాలి దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఉంచుకుంటే తెడ్డుకర్రతో పిక్క మీద కొట్టేవాడు. వాతలు తేలేవి. "బంతి నీ కాడుంటే బూటు నీ కాడికొస్తాది. పంపీ! పంపీ!" అని అరిచేవాడు. తాడు విప్పేసిన రోజున కూడా, నడుముకి అది ఉన్నట్టే పదిమందీ ఒక్క ఒంటిలా కదిలారు. ఎడమవాడు అడుగు వేస్తే కుడివాడికి తెలిసిపోయేది.

పోటీ నాడు ఎల్లాజీ భార్య, కూర్మయ్య కూతురు మరిడమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడింది. "అయ్యా, నా మొగుణ్ణి రెండు కాళ్ళతో అట్టుకెల్తన్నావు. రెండు కాళ్ళతో అట్టుకు రా."

"రాకపోతే నన్ను అయ్యా అనకు" అన్నాడు కూర్మయ్య.

ఆట మొదలైంది. కాపలావాళ్ళు బూట్లు టకటకలాడించుకుంటూ మీద పడ్డారు. పల్లెవాళ్ళ వరస నడుమ తెరుచుకుంది. దారి దొరికిందని బంతి పట్టుకుని ఒకడు లోపలికి దూసుకొచ్చాడు. రెండు పక్కలా మూసుకుపోయాయి. వాడు తలెత్తి చూసేసరికి చుట్టూ ఉత్త కాళ్ళు, తన కాలి దగ్గర బంతి లేదు. అది అప్పటికే ముగ్గురి కాళ్ళు దాటి ఎల్లాజీకి చేరింది. గోలు.

షామియానాలో సోడాలు ఆగిపోయాయి.

మళ్ళీ వచ్చారు, మళ్ళీ వలలో పడ్డారు. తన్నడానికి కాలెత్తితే అక్కడ బంతి ఉండదు, మనిషీ ఉండడు. ఒకడు గాలిని తన్ని వెల్లకిలా పడ్డాడు. గట్టు మీదనుంచి లక్ష్ముడు చంకకర్ర ఊపుతూ, "లెగు బావా, ఉప్పు కరిగిపోతాది!" అని అరిచాడు. ఉప్పు మోసే కూలివాళ్ళు కూడా నవ్వారు. కాంట్రాక్టరు ఎదుటే నవ్వారు. అది ఆయన భరించలేకపోయాడు. గీత దగ్గరికి నడిచొచ్చి తన జట్టులోని గంగుల్ని పిలిచి ఏదో చెప్పాడు.

గంగులు దిబ్బపాలెంలోనే పుట్టినవాడు. సముద్రం వదిలి కాంట్రాక్టరు దగ్గర కాపలాకి చేరి, కర్ర పుచ్చుకుని, ఉప్పు ఏరుకునే ఆడవాళ్ళ వీపులు వాయించేవాడు. ఒంటికి ఉప్పు పట్టినా పల్లె కట్టుబాట్లు వాడికి తెలుసు. పెద్దవల లాగేటప్పుడు నీళ్ళలో మనిషి మునిగితే "మనిసీ!" అని కేక వేస్తారు. ఆ కేక వినపడితే తాడు వదిలేయాలి. వల నిండా చేప ఉన్నా సరే, వల తెగి సముద్రంలో కలిసినా సరే, అందరూ అటే పరిగెత్తాలి. తాతల నాటి కట్టుబాటు. దాన్ని తప్పినవాణ్ణి పల్లెలో ఎవరూ పడవెక్కించుకోరు.

గంగులు జోగయ్య అనే కుర్రవాడి వీపు మీద మోచేత్తో పొడిచి పడేసి, "మనిసీ!" అని గొంతు చించుకుని అరిచాడు.

మిగతా తొమ్మిదిమందీ ఆట వదిలి జోగయ్య దగ్గరికి పరిగెత్తారు. గోలు ముందు కాసేవాడు కూడా పరిగెత్తాడు. ఖాళీ గోలులోకి కాపలావాళ్ళు బంతిని నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. కూర్మయ్య రిఫరీ చొక్కా పట్టుకున్నాడు.

"విజిలెందుకు మెళ్ళో? తాయెత్తా?"

"నాకేమీ కనబడలేదయ్యా" అన్నాడు గణపతిరావు, షామియానా వైపు చూస్తూ.

సగం ఆట దగ్గర విరామం ఇచ్చారు. పల్లెవాళ్ళు కూర్మయ్య చుట్టూ కూర్చున్నారు. జోగయ్య రక్తం ఉమ్ముతున్నాడు. కూర్మయ్య పైపంచెతో వాడి మూతి తుడిచాడు. అన్నిటికీ ఉపాయం ఆలోచించాడు, దీనికి ఆలోచించలేదు. తన ఆటకి ప్రాణం ఆ తాడు. ఆ తాడుని తెంచే మాట పల్లెలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"మళ్ళీ ఆ కేక ఇనబడితే..." అని ఆగాడు. "ఇనబడినా తాడు ఒగ్గకండి."

లక్ష్ముడు చంకకర్ర మీద లేచి నిలబడ్డాడు. "పెద్దయ్యా! ఆ మాట నోటంట ఎలా వచ్చినాదే నీకు? కప్పు కోసరమా?"

"కప్పు ఎవుడికి కావాలిరా! ఓడిపోయి ఇంటికెల్తే వచ్చే ఏడు మళ్ళీ ఒకడి కాలు. ఆ పై ఏడు ఇంకోడిది. ఈళ్ళకి బయం తెలియాల."

ఎల్లాజీ లేచి పంచె బిగించుకున్నాడు. "మావ సెప్పినట్టే కానీండిరా. నాను పడినా రాకండి. పడితే లెగడం నాకొచ్చు."

రెండో సగంలో ఆట లేదు, కొట్లాటే. గంగులు "మనిసీ" అన్నాడు, ఎవరూ కదల్లేదు. మళ్ళీ అన్నాడు, కదల్లేదు. ఒకడి పళ్ళు రాలాయి. ఇంకొకడి చెవి తెగి వేలాడింది. అయినా వరస చెదరలేదు. నడుమ వదులు, పక్కలు బిగువు. కాపలావాళ్ళు రొప్పుతున్నారు. బూట్లు బరువెక్కాయి. గణపతిరావు మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు వల మూసుకుంది. బంతి చిక్కింది. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ముందుకి. ఎల్లాజీ దాన్ని అందుకుని వెంటనే పక్కకి పంపేశాడు. మావ నేర్పినట్టే పంపేశాడు. కాలి దగ్గర బంతి లేదు. వాడు ఉత్తినే నిలబడి ఉన్నాడు.

గంగులు ఎగిరి రెండు కాళ్ళతో ఆ మోకాలి కింద దిగాడు.

ఎండు కొయ్య విరిచినట్టు చప్పుడు గట్టు దాకా వినపడింది. ఎల్లాజీ పడ్డాడు. గంగులు లేచి, బూటు కాలెత్తి, విరిగిన చోటనే మళ్ళీ తొక్కాడు.

"మనిసీ!"

ఈసారి ఆ కేక ఎల్లాజీది.

తొమ్మిదిమంది కాళ్ళూ ఆగిపోయాయి. తొమ్మిది తలలూ కూర్మయ్య వైపు తిరిగాయి. బంతి గోలు ముందు నిలిచి ఉంది. కేక మళ్ళీ వచ్చింది. విజిలు మోగలేదు. ఇప్పుడు వదిలేస్తే ఈ కాలు కూడా ఊరికే పోయినట్టే అనుకున్నాడు కూర్మయ్య.

"తాడు ఒగ్గకండి!" అని అరిచాడు.

వాళ్ళు వదల్లేదు. బంతి గోలులో పడింది. అప్పుడు విజిలు మోగింది, ఆట అయిపోయిందని.

కూర్మయ్య పరిగెత్తాడు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఇసక, రక్తం కలిసి బురదయ్యాయి. పైపంచె చింపి తొడ దగ్గర బిగించి కట్టాడు. రక్తం ఆగలేదు. ఆడవాళ్ళలోనుంచి మరిడమ్మ వచ్చింది. ఏడవలేదు. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని తండ్రి వైపు చూసింది.

"కేక ఇన్నావా అయ్యా?"

"ఇన్నాను."

"ఇని?"

కూర్మయ్య చేతులకి అల్లుడి రక్తం. లేచి షామియానా వైపు నడిచాడు. అక్కడ నరసింగరావు మొహం మాడ్చుకుని, కప్పు ఒక చేత, పూలదండ ఒక చేత పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, కప్పొద్దు. జీపియ్యి. టెక్కలి ఆసుపత్రికి ఎల్లాల. బేగి."

"జీపులోనా? సీటంతా రక్తమవుతుంది. ఎడ్లబండి కట్టించుకోండి. మా చుట్టాలు రైలెక్కాలి." కప్పు కూర్మయ్య చేతిలో పెట్టి, కాంట్రాక్టరు జీపెక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక చుట్టాలు సర్దుకున్నారు. ఇంజను మోగింది.

ఎడ్లబండి టెక్కలి చేరేసరికి ఎల్లాజీలో రక్తం మిగలదు.

కూర్మయ్య మైదానం వైపు తిరిగాడు. ఒడ్డున వల లాగించే గొంతుతో అరిచాడు. "ఎడమ లాగు! కుడి లాగు! నడుమ వదులు!"

జట్టుకి ఇంకో మాట అక్కర్లేకపోయింది. జీపు ముందు దారి తెరుచుకుంది. డ్రైవరు సంతోషంగా అందులోకి పోనిచ్చాడు. రెండు పక్కలా మనుషులు మూసుకున్నారు. జట్టు వెనక పల్లె, పల్లె వెనక ఉప్పు కూలివాళ్ళు. జీపు ఆగింది. కాపలావాళ్ళు కర్రలు తీసుకుని మీద పడ్డారు. తలలు పగిలాయి. జోగయ్య ఒక కర్ర లాక్కుని, దాని యజమాని దవడ మీదే విరగ్గొట్టాడు. పారిపోతున్న గంగుల్ని లక్ష్ముడు చంకకర్రతో మోకాళ్ళ మీద కొట్టి పడేశాడు. పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాడు. "ఇది ఎల్లాజీది! ఇది నాది!" అంటుంటే ఇద్దరు పట్టుకుని లాగాల్సి వచ్చింది. వరస మాత్రం విడలేదు.

కూర్మయ్య చేతిలో కప్పు ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి జీపు అద్దం మీద కొట్టాడు. అద్దం పొడిపొడి అయి నరసింగరావు ఒళ్ళో రాలింది. చుట్టాలు వెనకనుంచి దూకి పరిగెత్తారు. సొట్టపోయిన కప్పుని అవతల పారేసి, పగిలిన అద్దంలోనుంచి చెయ్యి పోనిచ్చి, కాంట్రాక్టరు మెడ దగ్గర చొక్కా పిడికిట పట్టాడు. గాజు ముక్కలు మోచేతిని కోస్తున్నా వదల్లేదు.

"ఏం కావాలిరా నీకు? ఎంత కావాలి?" అన్నాడు నరసింగరావు.

"ఎంతా గింతా కాదు. దిగు. నీకు రెండు కాళ్ళున్నాయి, ఇంటికి నడు. నా అల్లుణ్ణి నీ సీటు మీద పడుకోబెట్టాల, ఇప్పుడే. నా కూతురు ఆడి తల పట్టుకుని కూకుంటాది. గంగులు బూట్లు ఇప్పి ఇటియ్యండి, రగతం తుడవొద్దు, అవీ బండెక్కాల. ఇదిగో ఈ విజిలోడు పక్కన కూకుని టెక్కలి పోలీసు టేసన్లో సూసింది సూసినట్టు సెప్పాల. ఎవుడు తొక్కినాడో, ఎవుడు తొక్కమన్నాడో, తనెందుకు ఊదనేదో. నాను ఒగ్గొద్దన్నానని కూడా సెప్పమను, నాను కాదనను. అంతవరకూ మావోళ్ళు తాడు ఒగ్గరు. దిగు బాబూ. ఆ ఇంజను ఆపకు. దిగు!"