బొటనవేలి కింద మీట

అరిజోనా ఎడారి మొత్తానికి నీడ ఉన్న చోటు ఒక్కటేననీ, దాన్ని కనిపెట్టింది తానేననీ వర్జిల్ టాకెట్ నమ్మకం. నెబ్రాస్కాలో నలభై ఏళ్లు బడి బస్సులకి మరమ్మతులు చేసి రిటైరైన మనిషి. ఒక పిడుగు పడి ఆగిపోయిన బస్సుని రెండో పిడుగు పడేటట్టు నిలబెట్టి స్టార్టు చేశానని చెప్పే బాపతు. అతని మాటల్లో సగం తీసేస్తే మిగిలిన సగం కూడా అబద్ధమేనని భార్య ఆర్డిత్ అంటుంది.

ఆ నీడ చోటు ఒక ఎండువాగు. గట్టు దిగి, రెండు పెద్ద ముళ్ళచెట్ల మధ్య సందులోంచి ఇంటిబండిని అటూ ఇటూ జానెడు వదిలి దూర్చి, అవతల మెత్తటి ఇసుకలో ఆపాడు వర్జిల్. ఉన్న ఇల్లు అమ్మి కొన్న బండి అది. మంచం, పొయ్యి, ఆర్డిత్ కుట్టుమిషను, ఇద్దరి గుండె మాత్రలు, అన్నీ అందులోనే. బండి ఆపాక తలుపు పక్కనున్న మీట నొక్కితే, సోఫాతో సహా పక్కగోడ సొరుగులా బయటికి జరిగి ముందుగది వెడల్పవుతుంది. బయల్దేరే ముందు మళ్లీ నొక్కితే లోపలికి వచ్చేస్తుంది. ఎనిమిది సెకన్ల పని.

"వాగులో కాపురం పెట్టావేంటి, టాకెట్ గారూ?" అంది ఆర్డిత్ దిగిన రోజునే. గారు తగిలించిందంటే కోపం వచ్చినట్టు లెక్క.

"ఈ వాగులో నీళ్లు చూసినవాడెవడూ బతికి లేడే ఆర్డీ. అంత పాత సంగతి."

"బతికి లేకపోవడానికి కారణం ఇంకోటి అయ్యుండొచ్చు కదా?"

వాళ్ల మూడో మనిషి కుక్క. పదమూడేళ్ల బీగిల్, పొట్టి కాళ్లు, నేలని ఊడ్చే చెవులు. ఏ విడిదిలో దిగినా పొద్దున్నే అన్ని బళ్ల దగ్గరికీ వెళ్లి, గుమ్మం గుమ్మం వాసన చూసి, ఎవరైనా బేకన్ ముక్క పెడితే కాదనకుండా పుచ్చుకుని వస్తుంది. అందుకే మేయరని పేరు పెట్టారు. ఉరుములంటే మాత్రం మేయరుకి ప్రాణం పోతుంది.

మూడో రోజు మధ్యాహ్నం నడినెత్తిన ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఉత్తరాన కొండల మీద మాత్రం నల్లగా ఏదో కూర్చుంది. అక్కడినుంచి ఉరుము వినబడుతూనే ఉంది గానీ, పాతిక మైళ్ల అవతలి వానతో మనకేం పనని వర్జిల్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఇంతలో గట్టు మీదినుంచి హారన్ ఆగకుండా మోగింది. ఏటా అక్కడ విడిది చేసే లూపే యిబార్రా ట్రక్కు కిటికీలోంచి సగం బయటికి వేలాడి అరుస్తోంది.

"ఓ పెద్దాయనా! లే! వాగొస్తోంది! పైన రోడ్డు దాటేసింది!"

వర్జిల్ లేచాడు. గాలిలో తడిమట్టి వాసన, దాని వెనకాల ఎక్కడో గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు. నీటి బిందువు ఇంకా కనబడలేదు. ఆ చప్పుడు వినగానే కుర్చీ వదిలేసి బండివైపు పరిగెత్తాడు.

బయల్దేరే ముందు ఆర్డిత్ ఒక కాగితం పట్టుకుని ఒక్కొక్కటే అడగడం, వర్జిల్ జవాబు చెప్పడం వాళ్ల ఆనవాయితీ. గ్యాసు కట్టావా, మెట్టు మడిచావా అని. అందులో మొదటి ప్రశ్న మేయరెక్కడ. ఆ రోజు ఆర్డిత్ ఇంకా బయట కుర్చీలు ఎత్తుతోంది. వర్జిల్ లోపలికి దూకి మీట మీద బొటనవేలు వేసి నొక్కేశాడు.

గోడ బెత్తెడు లోపలికి జరిగింది. మోటారు మూలిగింది. దాని మూలుగు మీద ఇంకో మూలుగు.

"ఆపు! ఆపు వర్జిల్!" ఆర్డిత్ గుమ్మంలో నిలబడి అరిచింది.

ఉరుములకి జడిసిన మేయరు సోఫా వెనక సందులోంచి పాకి, జరిగే నేల కిందికి దూరింది. వెనక కాలు పళ్లచక్రంలో పడింది. వర్జిల్ హడావుడిగా మీటని అటువైపు నొక్కాడు. గోడ బయటికి కదిలీ కదలగానే మేయరు పెట్టిన కేక మనిషి కేకలా ఉంది. చక్రం కాలిని తనతోపాటే లాక్కుపోతోంది. వేలు తీసేశాడు.

ఆర్డిత్ నేల మీద బోర్లా పడుకుని సందులో భుజందాకా చెయ్యి పెట్టింది. "మెడ పట్టీ అందింది. ఊపిరుంది. మోటారొద్దు, దానికి ఆగడం రాదు. కింద చేతి పిడి ఉందిగా, దాంతో వెంట్రుకవాసి జరుపు."

చేతి పిడి తిప్పాలంటే ముందు మోటారుని పళ్లచక్రానికి కలిపే పిన్ను పీకాలి. దాన్ని మళ్లీ దిగ్గొట్టాలంటే బండిని జాకీ మీద ఎత్తాలి. అంటే ఇక గది లోపలికి రాదు, చేత్తో తిప్పి తేవాలంటే గంట పడుతుంది. గది రాకపోతే ఆ రెండు చెట్ల మధ్యనుంచి బండి బయటికి పోదు. ఈ లెక్క వర్జిల్‌కి తెలిసినంతగా ఆర్డిత్‌కి తెలియదు. కిటికీలోంచి చూస్తే వాగు మలుపులో గోధుమరంగు నురగ, దాని నెత్తిన చెట్టుకొమ్మలు. నడిచే వేగంతో వస్తోంది, తొందరేమీ లేనట్టు.

బొటనవేలు మళ్లీ మీట మీదికి వెళ్లింది. లోపలికి. ఎనిమిది సెకన్లు. ఆర్డిత్‌ని లాగి కూర్చోబెట్టి, ఎనిమిది సెకన్లు చెవులు మూసుకుంటే ఇల్లు గట్టెక్కుతుంది. కుక్కకి పదమూడేళ్లు. తనకి డెబ్బై నాలుగు. తల దాచుకోవడానికి ఇంకో గోడ లేదు. వేలు అక్కడే ఉంది. ఎంతసేపుందో అతనికి తెలియదు. సందులోంచి మేయరు ఆర్డిత్ చేతిని నాకుతున్న చప్పుడు మాత్రం తెలిసింది.

వేలు తీసి బయటికి దూకాడు.

బండి కిందికి పాకేసరికి నీళ్లు మోచేతులకి తగిలాయి. పిన్ను పీకాడు. అది చేతిలోంచి జారి ప్రవాహంలో పోయింది. పిడి తగిలించి తిప్పాడు.

"ఇంకొంచెం! ఇంకొంచెం... ఆగు! ఆగు, నీ మొహం మండ!"

"ఎటు చెప్పవే!"

"వెనక్కి! వేలెడు! ఒరే మేయరూ, కదలకురా నా తండ్రీ. ఆఁ, తిప్పు!"

బురద నోట్లో పోతోంది. పిడి తిరగనంటోంది. నలభై ఏళ్లలో పట్టువదలని బోల్టు చూడలేదని వెయ్యిసార్లు కోతలు కోసిన మనిషి, ఇప్పుడు ఆ పిడిని తల్లీ, బంగారూ అని బతిమాలుకున్నాడు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. పావుచుట్టు తిరిగింది. ఇంకో పావు.

"వచ్చేసింది!" అన్న కేక పైనుంచి వినబడింది.

ఆర్డిత్ మేయరుని దుప్పట్లో చుట్టి గుమ్మంలోంచి దిగేసరికి నీళ్లు ఆమె తొడల దాకా ఉన్నాయి. లూపే గట్టు మీదినుంచి బళ్లు లాగే పట్టీ విసిరింది. దాన్ని ఒక చేత్తో, ఆర్డిత్‌ని ఒక చేత్తో పట్టుకుని వర్జిల్ నడిచాడు. ఏదో దుంగ వచ్చి నడుముకి కొట్టింది. పడ్డాడు, లేచాడు. గట్టెక్కి తిరిగి చూసేసరికి ఇంటిబండి మెల్లగా పక్కకి తిరుగుతోంది. బయటికి సాచిన గది చెట్టుకి ఆనింది, విరిగింది. ఆ చీలికలోంచి ముందు సోఫా, తర్వాత పరుపు బయల్దేరాయి. కుట్టుమిషను కనబడలేదు. బరువైంది, అడుగునే పోయుంటుంది.

"పదండి," అంది లూపే. "పశువుల డాక్టరు నలభై మైళ్లు. కుక్క కాలు చూడండి ముందు, వాగుని కాదు."

ట్రక్కులో ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పడుకుంది మేయరు. ఎముక తెల్లగా కనబడుతోంది. ఊపిరి ఒకటి తీసుకుని, రెండోది తీసుకోవాలా వద్దా అన్నట్టు ఆగుతోంది.

"ఆర్డీ," అన్నాడు వర్జిల్. "నువ్వు ఆపమన్నాక కూడా నా వేలు మీట మీదికెళ్లింది."

"చూశాను. మొహం నీవైపే ఉంది."

"చూసి ఊరుకున్నావా?"

ఆర్డిత్ దుప్పటి అంచు సర్దింది. "నొక్కెయ్యమనే మాట నా నోటిదాకా వచ్చింది. నీకెక్కడ వినబడుతుందోనని పళ్లు బిగబట్టుకున్నా."

వర్జిల్ తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"రోడ్డు గుంతలొస్తున్నాయి," అంది ఆర్డిత్. "కాలు కింద చెయ్యి పెట్టు. అట్లా కాదు, రెండు చేతులూ."

రెండు చేతులూ పెట్టాడు.