దర్జీ కుడిచెయ్యి

అన్యాయం జరిగింది ఎవరికి? దర్జీకి. ఎలా జరిగింది? తాగిన మత్తులో ఒకడు వేసిన కత్తివేటుకు ఆయన కుడిచేతి నరాలు తెగి, ఆ వేళ్ళు మళ్ళీ సూది పట్టలేదు. ఆ వేటు వేసినవాడే ఇప్పుడు ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చుని, చొక్కా బొత్తాలు పెడుతున్నాడు.

"మెడ దగ్గరది వద్దురా, ఊపిరాడదు."

"సరే అన్నా."

జైలునుంచి వచ్చి బాప్తిస్మం పొందిన రోజున, నీ పాత మనిషి నీళ్ళలోనే చచ్చిపోయాడని పాస్టరుగారు చెప్పగా అతడు పొంగిపోయాడు. ఆ సంతోషం చర్చి మెట్లు దిగేదాకానే నిలిచింది. మెట్ల కింద దర్జీ భార్య నిలబడి ఉంది.

"దేవుడు క్షమించాడా? మంచిది. తెగిన చెయ్యి ఎవరిది మరి?"

అతడు మర్నాడు తెల్లవారేసరికి దర్జీ కొట్టు ముందు నిలబడ్డాడు. "నీ చెయ్యి తిరిగి ఇవ్వలేను అన్నా. నాది వాడుకో." శిష్యుడంటే ఎవరో అతడు ప్రసంగాలు విని తెలుసుకోలేదు, ఆ కొట్టులో, కత్తిరింపు బల్ల ముందు నిలబడి తెలుసుకున్నాడు.

దర్జీ వాడుకున్నాడు గాని మన్నించలేదు. చర్చిలో సహోదరులారా అని పిలుపు వినబడినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవాడు. అతని తల నెరిసినా వీధికి, దర్జీకి కూడా, కత్తిగాడుగానే మిగిలాడు.

ఆ పూట కూడా, బొత్తాలు పెట్టడం అయ్యాక, దర్జీ కొలత చెబుతుంటే అతడు సుద్దతో గీత గీసి కత్తెర ఆడించాడు.

"నెమ్మదిరా కత్తిగా! అది గుడ్డ. నా చెయ్యి అనుకున్నావేమో."

"గుడ్డేలే అన్నా. అరవలేదుగా."

దర్జీకి నవ్వాగలేదు. "ముసలి మొహాలకి పరాచికాలొకటి!" అని లోపలినుంచి భార్య కసిరింది.

మధ్యాహ్నానికి అతని నుదుట చెమట పట్టింది. కత్తెర వదిలి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, గోడకు చేరగిలబడ్డాడు. దర్జీ కంగారుగా పక్కన చతికిలబడి, ఎడమచేత్తో నీళ్ళగ్లాసు అతని పెదవులకు ఆనించాడు.

"కొంచెం తాగు తమ్ముడూ."

అతడు తాగలేదు. "ఎవర్ని అన్నా?"

"నిన్నే. ఇంకెవర్ని అంటాను?"

"మరి... చెయ్యి?"

"ఆ బాకీ చెల్లిపోయింది. ఏనాడో చెల్లిపోయింది. చెప్పకుండా బిగబట్టుకున్న పాపం నాది."

అతడు మెల్లగా దర్జీ భుజం మీదికి ఒరిగాడు. మళ్ళీ తల ఎత్తలేదు.

సాయంత్రం శవాన్ని తీసుకుపోయే బండివాడు గుమ్మంలో నిలబడి అడిగాడు. "ఈయన మీకేమవుతారు?"

 దర్జీ భార్య కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"మా మరిదండీ," అంది.

అందరూ వెళ్ళాక కొట్టులో బల్లమీద అతని కళ్ళజోడు ఉండిపోయింది. దాని విరిగిన కాడకు నీలం దారం చుట్టి ఉంది, అద్దాలమీద సుద్దపొడి ఇంకా తుడవలేదు.