అతుకు లేని పైపు

ఆదిలక్ష్మమ్మకు ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే. మోగితే ఆస్పత్రి నుంచేమో అనుకుంటుంది. మోగకపోతే చెయ్యాల్సిన మనిషికి ఏమయిందో అనుకుంటుంది. కొడుకు కేశవ పెనుకొండలో, ఎర్రమంచికి పోయే దారిలో మెకానిక్ షెడ్డు పెట్టిన నాటి నుంచి ఆ భయం ఇంకా ముదిరింది. ధర్మవరంలో వాళ్ళ వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే భర్త జయరాముడు, ఆమె భయాలన్నీ నిజమై ఉంటే ధర్మవరంలో ఒక్క ఇల్లు కూడా మిగిలేది కాదని నవ్వుతుంటాడు. తన మాట ఎవరి చెవికీ ఎక్కదని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం ఆగుతుందా?

ఆ ఆదివారం కేశవ ఇంటికొచ్చి విప్పి పడేసిన చొక్కాను ఉతకబోతూ ఆమె ఆగిపోయింది. ఎప్పుడూ గ్రీజు వాసన కొట్టే చొక్కా ఆ రోజు పచ్చి పెట్రోలు వాసన కొట్టింది. వీపు మీద పెద్ద మరక, ఏదో కింద పడుకుంటే పైనుంచి కారినట్టు. అడిగితే కేశవ చెప్పాడు. హిందూపురం బసవరాజు గారి పాత కారట. మామూలు కారు కాదట, రేసుల్లో పరిగెత్తేలాంటిది. ఆయన తండ్రి ఎంతో మోజుగా నడిపిన బండి, ఆ తండ్రి పోయాక ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద పడి ఉంది. ఎవరో తెలియక జాకీ పెట్టకూడని చోట పెట్టి లేపితే, టాంకీ నుంచి ఇంజనుకు పోయే పెట్రోలు పైపు నలిగిపోయింది. తాను దాన్ని బాగుచేశాడు. మంగళవారం బండి అప్పజెప్పాలి. బుధవారం బసవరాజు గారు కూతుర్ని ఎక్కించుకుని బెంగళూరు రోడ్డు మీద పోతారు, తండ్రి తనను తిప్పినట్టు.

అంతా విన్న ఆదిలక్ష్మమ్మకు ఒక్క మాటే నిలిచింది. హిందూపురం దాకా ఆ బండిని నడుపుకుంటూ పోయేది కేశవే.

మంగళవారం పొద్దున్నే సంగటి, ఊరుబిండి పచ్చడి క్యారియర్లో సర్దుకుని ఆమె పెనుకొండ రైలెక్కింది.

షెడ్డులో కారు ఎర్రగా, నేలకు ఆనుకున్నట్టు నిలబడి ఉంది. దాన్ని చూస్తే ఆమెకు కారులా అనిపించలేదు, దూకడానికి ముడుచుకున్న జంతువులా అనిపించింది. అమ్మ ఎందుకొచ్చిందో కేశవకు అర్థమైంది. నవ్వి, ఒక చుక్క కూడా కారడం లేదని, కావాలంటే చూసుకోమని చెప్పాడు. కారు కింద గుంత ఉంది, దాంట్లోకి మెట్లు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగింది. మసి అంటుతుందని కొడుకు వారిస్తున్నా వినకుండా, నల్ల రంగు వేసిన ఆ సన్నటి పైపు మీద వేళ్ళు పెట్టి వెనక నుంచి ముందుకు నడిపించింది.

పెళ్ళయి వచ్చింది మొదలు ఆమె చేసింది ఆ పనే. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం. వేలికి బూడిద అద్దుకుని, చూడకుండానే పోగును పట్టుకుంటుంది. చీర తయారయ్యాక కంటికి కనబడని అతుకు కూడా ఆమె వేలికి తగులుతుంది.

పైపు సగానికి వచ్చాక ఆమె వేలు ఆగింది.

"ఈడ అతికినావు" అంది.

కేశవ నవ్వు ఆగిపోయింది. నలిగిన ముక్కను కోసేసి, రెండు కొసలనూ రబ్బరు పైపుతో కలిపి, క్లిప్పులు బిగించి, పైన తొడుగు వేసి రంగు పూశాడు. బసవరాజు గారి కంటికే కాదు, ఇంకో మెకానిక్ కంటికి కూడా ఆనదనుకున్నాడు. ఆ పనితనం మీద లోలోపల కాస్త గర్వం కూడా ఉండింది. అంత పొడుగు పైపు బెంగళూరు నుంచి రావాలని, వచ్చాక ఒంపులు తిప్పుకోవాలని, అంతవరకు ఆయన ఆగడని ఏదేదో చెప్పాడు. ఆఖరుకు కొంచెం కోపంగానే అన్నాడు:

"మనింట్లో తెగిన పోగు పారేసేది యాడన్నా ఉండాదామ్మా? అతకాల, అతికింది కనపడగూడదు అని నువ్వే గదా నేర్పిస్తివి."

ఆమె గుంతలోంచి పైకొచ్చి, చేతులు తుడుచుకుని, క్యారియర్ తీసుకుని కారు ముందు సీట్లో కూర్చుంది. ఎందుకమ్మా అని కేశవ అడిగాడు.

"నన్నూ హిందూపురం పిల్చుకపో. నువ్వు పోతాండావు గదా, నేనూ వస్తా."

కేశవ వద్దనలేకపోయాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. కారు బయటికి తీశాడు.

రోడ్డెక్కాక చెనిక్కాయ మూటల ట్రాక్టరు వాళ్ళను దాటిపోయింది. తర్వాత గొర్రెలతో నిండిన ఆటో దాటింది. వెనక లారీ హారన్ కొట్టి కొట్టి పక్కకు తప్పుకుని పోతుంటే, దాని డ్రైవరు తల బయట పెట్టి ఏందబ్బా, ఇంత బండి పెట్టుకుని పెండ్లికూతురిని తోలుకపోతాండావా అని ఎగతాళి చేసి పోయాడు. కేశవ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఎక్సిలేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా ఉంది. పెనుకొండ కొండ ఇంకా అద్దంలో కనబడుతూనే ఉంది.

ఆదిలక్ష్మమ్మ ఒళ్ళో క్యారియర్ను గట్టిగా పట్టుకుని ఆ కాలినే చూస్తోంది. 

"రేపు వాళ్ళు ఇంతే మెల్లగా పోతారా, కేశవా?"

అతను కారు పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. కొంతసేపు స్టీరింగు మీద తల వాల్చుకున్నాడు. తర్వాత దిగి, వెల్లకిలా పడుకుని కారు కిందికి చూశాడు. లేచినప్పుడు అతని వేళ్ళు తడిగా ఉన్నాయి. మొదట వాసన చూసుకుని, ఆ తర్వాత ఆమె వైపు చూశాడు.

"దిగమ్మా. దూరంగా పోయి నిలబడు." "సైలెన్సర్ గొట్టం ఆ అతుకు పక్కనే పోతాది. కాలిపోతాంటాది అది. గట్టిగా తొక్కితే ఆ రబ్బరు నిలబడదని నాకు లోపల తెలుసు. తెలిసే తొక్కలే."

ఆదిలక్ష్మమ్మ కారు దిగింది. తానే గెలిచానని ఆమెకు అనిపించలేదు. తన భయం ఉత్తదే అని అనిపించుకుని పోవడానికే ఆమె ఇంత దూరం వచ్చింది. తోడు తెచ్చుకున్న ధైర్యమంతా అదే. రోడ్డు పక్క కంపచెట్టు దగ్గరికి నడిచి, అక్కడ కూలబడింది.

కేశవ మళ్ళీ ఇంజను ముట్టుకోలేదు. తాడుతో లాక్కుపోవడానికి, షెడ్డులో తనతో పనిచేసే రమణను జీపు తెమ్మని పిలిచాడు. ఆ తర్వాత బసవరాజుకు ఫోన్ చేశాడు. ఆయన అరుపులు కంపచెట్టు దాకా వినిపించాయి. అయిపోయిందని నువ్వే చెప్పితివి గదప్పా అంటున్నాడు. బిడ్డకు మాట ఇచ్చానని, హిందూపురంలో మెకానిక్కులు లేక కాదు నీ దగ్గరికి పంపించిందని అంటున్నాడు. కేశవ అన్నీ విన్నాడు. అతికాననీ, కనబడకుండా అతికాననీ, అది పరిగెత్తే బండికి పనికిరాదనీ చెప్పాడు. ఇప్పుడు యాడ ఉండావు అని ఆయన అడిగితే, రోడ్డు మీద, అమ్మతో అన్నాడు.



"మీ అమ్మను ఎక్కించుకున్న్యావా అందులో?"

"ఆమే ఎక్కింది సార్."

బసవరాజు గొంతు తగ్గింది. "కొత్త పైపే తెప్పించప్పా. వచ్చినప్పుడే వస్తాది. నా బిడ్డ గూడా కూర్చోవాల గదా ఆడ."

కొన్నాళ్ళకు బెంగళూరు నుంచి కొత్త పైపు చుట్టగా వచ్చింది. ఆ రోజు కూడా ఆదిలక్ష్మమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఈసారి కేశవ నవ్వలేదు. ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని వెనక్కి నడిచాడు. వీధిలో పడుగు చాపినప్పుడు పట్టుకున్నట్టే ఆమె బిగువుగా పట్టుకుంది. కోసి తీసిన పాత పైపును పక్కన పరుచుకుని, దాని ఒంపు చూసి దీన్ని ఒంచుతూ, టాంకీ నుంచి ఇంజను దాకా ఒకే ముక్కగా, మధ్యలో ఎక్కడా తెగకుండా బిగించాడు. సైలెన్సర్ గొట్టానికి ఎడంగా జరిపాడు. కింద గుంతలో తెల్ల గుడ్డ పరిచి, ఇంజనును గర్జించేదాకా తొక్కి పట్టి, దిగి చూశాడు. గుడ్డ మీద ఏమీ పడలేదు. పైకి రాగానే, నువ్వొకసారి చూడు అని అమ్మను పిలిచాడు. ఆమె గుంతలోకి దిగి, వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించింది. వేలు ఎక్కడా ఆగలేదు.

బసవరాజు తన కూతురు అశ్వినితో బస్సులో వచ్చి బండి తీసుకున్నాడు.  అతికిన పాత పైపు ముక్కను చేతిలో తిప్పి చూసి, అక్కడే బల్ల మీద పెట్టేశాడు. కారు కదలబోతుంటే కేశవ కిటికీ దగ్గరికి పోయి అశ్వినితో, హిందూపురం చేరినాక ఒక ఫోన్ చెయ్యమ్మా అన్నాడు.

ఆదిలక్ష్మమ్మ తలెత్తి కొడుకును చూసింది.

కారు చప్పుడు చాలా దూరం దాకా వినబడి, సన్నగిల్లిపోయింది. కేశవ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె సంగటి ముద్ద వడ్డించింది. అతను ఫోన్‌ను బల్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. చెయ్యి ముద్ద దగ్గరికి పోవడం లేదు.

"తిను నాయనా. చేరుకుంటార్లే" అంది ఆమె.

పుట్టి బుద్ధెరిగినాక ఆమె ఆ మాట అనడం అదే మొదలు. అని, తాను కూడా ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది.