ప్రసూన చేయని తప్పు

ప్రసూనకు యమున మీద కడుపుమంట చదువు దగ్గర మొదలైంది కాదు. చదువులో యమున ఏనాడూ ఆమె దరిదాపుల్లోకి రాలేదు. జనగామ బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి ప్రసూన నాలుగేళ్ళూ క్లాసులో ఫస్టు. చెల్పూర్ నుంచి వచ్చిన యమున అత్తెసరు మార్కులతో గట్టెక్కిన మనిషి. అలాంటి పిల్ల తప్పులు చేసి మరీ పేరు తెచ్చుకుంటుంటే ఎవరికైనా మండదూ?

అవును, తప్పులు చేసే. పళ్ళ డాక్టరు చదువు ముగించిన ఇలాంటి హౌస్ సర్జన్లను మహబూబాబాద్‌లో ఉంచి, చుట్టుపక్కల పల్లెల్లో క్యాంపులు పెట్టించే సునంద మేడమ్‌ది ఒక పద్ధతి. ఎన్ని పళ్ళు తీశారని ఆమె అడగదు. క్యాంపు అయ్యాక ప్రతివాళ్ళూ ఆ రోజు తాము చేసిన తప్పొకటి పుస్తకంలో రాయాలి. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఆ పేషెంటుకే ఎదురుగా చెప్పాలి.

"చెయ్యి అందరికీ తిరుగుతది. తప్పు ఒప్పుకోనికే నోరు తిరగదు," అంటుంది మేడమ్.

యమునకు ఆ నోరు బాగా తిరిగింది. మత్తు ఎక్కకముందే తాత పన్ను పట్టానని ఒకరోజు, బ్రష్షు పట్టడం ముసలమ్మకు అర్థం కాకపోయినా వదిలేశానని ఇంకోరోజు రాసేది. మేడమ్ వాటిని అందరికీ చదివి వినిపించేది. ప్రసూన మాత్రం గుండ్రటి అక్షరాలతో రోజూ 'ఏమీ లేదు' అని రాసేది. నిజంగానే ఏమీ లేదు మరి. మేడమ్ ఆ పేజీ మీద చూపు కూడా ఆనించకుండా తిప్పేసేది.

ఏడాది చివర బడిపిల్లల పళ్ళ కార్యక్రమానికి మేడమ్ ఒక్కరిని తన దగ్గర ఉంచుకుంటుంది. ఆ ఒక్కరూ తానే కావాలని ప్రసూన పట్టుదల. యమున అవుతుందేమోనన్న ఊహకే ఆమెకు అన్నం సహించడం లేదు.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ప్రసూన కూడా ఒక వాత పెట్టుకుంది. కొత్తగూడ క్యాంపులో తండా నుంచి వచ్చిన సీతాబాయికి దవడపన్ను తీసింది. మొదలంటా కుళ్ళి ఊగుతున్న పన్ను, ఏ డాక్టరైనా తీయాల్సిందే. కానీ ఆ సాయంత్రం పుస్తకంలో, 'బతికించగల పన్నును తొందరపడి తీసేశాను' అని రాసింది. యమున తప్పులన్నీ దాని ముందు చిన్నవైపోవాలి కదా!

మేడమ్ రెండుసార్లు చదివింది. "ధైర్యం కావాలె ఇట్ల రాయనికి," అంది. ప్రసూన యమున వైపు చూసి, ఆ రోజు కడుపునిండా తిన్నది.

రెండు వారాలకు మళ్ళీ కొత్తగూడ. కూతురు వర్షను తీసుకుని సీతాబాయి వరుసలో కూర్చుంది. ఏడేళ్ళ వర్షకు కొత్తగా వచ్చిన దవడపన్ను మీద పూత వేస్తే పుచ్చకుండా ఉంటుందని, పిల్లను తీసుకురమ్మని చెప్పింది ప్రసూనే. మేడమ్ సీతాబాయిని పక్కకు పిలిచి, "చెప్పు ప్రసూనా," అంది. నోట్లో వెలక్కాయ పడినట్లయింది. అయినా యమున చూస్తోంది. ప్రసూన చెప్పేసింది.

"అంటే బతికే పన్నునే పీకినవా?" సీతాబాయి చెంప తడుముకుంది. అరవలేదు. వర్ష చెయ్యి పట్టుకుని లేపింది. "నా పన్ను పోతే పోయింది. నా బిడ్డ నోట్ల మాత్రం చెయ్యి పెట్టనియ్య."

ఆమెను చూసి ఇంకో ఇద్దరు తల్లులు పిల్లలతో లేచారు. ప్రసూన వాళ్ళకు అడ్డం వచ్చింది.

"ఆగు అక్కా! అబద్ధం చెప్పిన. నీ పన్ను కుళ్ళిపోయిందే, తియ్యకుంటే చీము పట్టేది. మేడమ్ దగ్గర పేరు కోసం అట్ల రాసిన!"

మేడమ్ తల తిప్పుకుంది. సీతాబాయి ప్రసూనను కిందికీ మీదికీ చూసింది.

"గప్పుడు చెప్పింది నిజమా, గిప్పుడు చెప్పింది నిజమా? నాకెట్ల ఎరుకైతది బిడ్డా?"

చూపించడానికి ఆ పన్నయినా లేదు. తీసింది తనే, పారేసిందీ తనే.

గేటు దాటబోతున్న తల్లీకూతుళ్ళ వెనక యమున పరుగెత్తింది. వర్ష ముందు నేల మీద కూర్చుని, తన నోరు తెరిచి సిమెంటు పెట్టించుకున్న పన్ను చూపించింది. ఏం చెప్పిందో గానీ పావుగంటకు ముగ్గురూ వెనక్కి వచ్చారు.

"లైటు పట్టు ప్రసూనా," అంది మేడమ్, ముఖం చూడకుండానే.

యమునకు పూత మొదటిసారి సరిగా అంటలేదు. తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. తనకైతే రెండు నిమిషాల పని అనుకుంది ప్రసూన. సిగ్గుతో చావాల్సిన చోట కూడా ఆమెకు ముందు వచ్చింది అసూయే. ఈ చేతకాని దాని ముందు ఆ పిల్ల అంత నోరు ఎలా తెరిచింది?

సరిగా కనబడాలని ఆమె లైటుతో కొంచెం ముందుకు వంగింది. వర్ష టక్కున నోరు మూసేసుకుంది.

"భయపడకు బిడ్డా," అంది యమున మెల్లగా. "గా అక్క లైటే పడతది, నిన్ను ముట్టదు."

వర్ష మళ్ళీ నోరు తెరిచింది.