ఏరుకునే పాట

షాంటెల్‌కి వేలంపాటలు కొత్త. కెనడాలోని సస్కటూన్‌ పట్నంలో ఆడవాళ్ళ గోళ్ళకు రంగులేసే దుకాణం నడిపిన మనిషి. తెల్లబూట్లతో ఏప్రిల్ బురదలోకి దిగి, జాబితా తిరగేస్తూ, నలుగురికీ వినపడేలా అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే అంటే ఏంటి డారెల్?"

"కొన్నాక ఏడిస్తే ఎవడూ ఓదార్చడని. బాగోగులు ముందే చూసుకోవాలి. పాడుకున్నవాడే తోలుకుపోవాలి, అమ్మినవాడికి పూచీ లేదు." డారెల్ గొంతు పెంచాడు. "నా పాత పెళ్ళాన్ని కూడా ఇలాగే తెచ్చుకున్నా. ఉన్నది ఉన్నట్టు!"

మగాళ్ళు కొందరు నవ్వారు. నవ్వాక పక్కకు చూశారు, ఎందుకంటే ఆ పాత పెళ్ళాం లరిసా పది అడుగుల దూరంలో ట్రాక్టరు అద్దం తుడుస్తోంది. డారెల్ నోటికి తాళం వెయ్యడం వాళ్ళమ్మ వల్లే కాలేదు. లరిసా ఇరవై రెండేళ్ళు ప్రయత్నించి మానేసింది.

"మరి ఈ రెండు ట్రాక్టర్ల దగ్గర ఏరుకునే పాట అని రాశారే?"

"రెండూ ఒకే రకం, ఒకే ఏడాదివి. రెండింటికీ కలిపి ఒకే పాట. హెచ్చుగా పాడినవాడు నచ్చింది ఏరుకుంటాడు. మిగిలింది మళ్ళీ పాటకొస్తుంది."

"ఏది మంచిదో మనకెలా తెలుస్తుంది?"

"ఇంటివాళ్ళు దేని పక్కన నిలబడ్డారో చూడాలి. అదిగో, పొద్దుటినుంచీ ఎలా కావలించుకుందో!"

ఆ విద్య ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. లరిసాకి మరీ బాగా తెలుసు. అందుకే ఆమె ఉదయం ఏడింటినుంచి రోడ్డువైపు నిలిపిన ట్రాక్టరును వదల్లేదు. దాని మెట్లు కడిగింది, సీటు దులిపింది, షెడ్డువైపు ఉన్న రెండోదాని మొహమైనా చూడలేదు.

రోడ్డువైపుదాని ఇంజను దిమ్మ లోపల పగిలింది. పోయిన అక్టోబరులో, కోతల చివర్లో, ఆ సంగతి ఆమె కనిపెట్టింది. డారెల్ ఆగస్టులోనే షాంటెల్ దగ్గరికి వెళ్ళిపోయాడు కాబట్టి అతనికి తెలియదు. ఉన్న రోజుల్లో మాత్రం అతనెప్పుడు చేతికి గ్రీజు అంటించుకున్నాడు గనక! ఇంజను వేడెక్కితే చాలు, నీళ్ళు నూనెలో కలిసిపోతాయి. నిన్న సాయంత్రం లరిసా పాత నూనె వంపేసి కొత్తది పోసింది. ఎవరు నూనె కొలిచే పుల్ల తీసి చూసినా తేనెరంగులో మెరుస్తుంది.

విడాకుల ఒప్పందం ప్రకారం అన్నీ అమ్మి చెరిసగం పంచుకోవాలి. ఇద్దరూ కూడా పాట పాడొచ్చు. లరిసాకి కావలసింది ఒక్క ట్రాక్టరు. తల్లి వదిలిపోయిన మూడువందల ఎకరాలున్నాయి, విత్తడానికి మూడు వారాలే గడువుంది. ట్రాక్టరు లేకపోతే ఆ నేల డారెల్ అన్నకి కౌలుకి పోతుంది, తను పట్నంలో ఎవరి హోటల్లోనో గిన్నెలు తోముకోవాలి. డారెల్ ఏమో కాఫీ హోటల్లో బల్ల గుద్ది చెప్పాడు, ఆ ఆడది దేనికి చెయ్యెత్తితే దాన్ని నేను పాడేస్తానని. పాడుకోమనే ఆమె కోరిక. పగిలినదానికి పర్సంతా ఖాళీ చేసుకుంటే మంచిది తనకి చవగ్గా మిగులుతుంది. నడి విత్తనాల్లో అది ఆగిపోయినప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో తలుచుకుని ఆమె ఈ చలికాలమంతా కడుపు నింపుకుంది.

ఒరెస్ట్ వచ్చాడు. ఆమె తండ్రికి ప్రాణస్నేహితుడు, డెబ్బై దాటినవాడు, ఆ దారి పొడుగునా ఉన్న ఇళ్ళన్నిటికీ పెద్దదిక్కు.

"అమ్మాయ్, నిజం చెప్పు. రెండింట్లో ఏది మంచిది?"

డారెల్ అక్కడే వంగి, ఊడని బూటుతాడు కట్టుకుంటున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. లరిసా ట్రాక్టరు మూత మీద అరచేత్తో చరిచింది.

"ఇదే బాబాయ్. రెండోదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోను."

ఒరెస్ట్ తలూపి భోజనాల వరస వైపు నడిచాడు. పెద్దాయనతో అబద్ధమాడానే అని ఆమెకి ఒక్క క్షణం చివుక్కుమంది. ఆయనకి ట్రాక్టర్లు మూడున్నాయి, నాలుగోది కొంటాడా ఏంటి అని సర్దుకుంది. చర్చి ఆడవాళ్ళు పెరోగీలు, అంటే ఉడకబెట్టిన బంగాళాదుంప కజ్జికాయలు, వడ్డిస్తున్న చోట ఆయన టోపీ పట్టుకుని మనిషి మనిషి దగ్గరా ఆగుతుంటే, చర్చి పైకప్పు చందా కాబోలు అనుకుంది.

రెండు గంటలకి వేలంపాట నడిపే క్లేటన్ బండి మీదకెక్కి మైకు అందుకున్నాడు. నాలిక తిరగని మాటల్ని గింజల్లా కురిపించడంలో అతన్ని మించినవాడు లేడు.

లరిసా ఇరవై వేల దగ్గర చెయ్యెత్తింది. డారెల్ వెంటనే ఎత్తాడు. ఆమె పళ్ళు బిగించి, కళ్ళనీళ్ళు తెచ్చుకుని, ఒక్కో వేయీ ఒళ్ళు కోసి ఇస్తున్నదానిలా పెంచుకుంటూ వచ్చింది. నలభై ఎనిమిది వేలు డారెల్ పాట. లరిసా తల దించుకుని అడ్డంగా ఊపింది.

"ఇదీ నీ పౌరుషం!" అని అరిచాడు డారెల్. "ఏడుపెందుకు, నడుచుకుంటూ దున్నుకో!"

ఆ మాట ఆమె చెవిలో అమృతం పోసినట్టుంది.

"ఒకటోసారి... రెండోసారి..."

"యాభై," అన్నారెవరో.

ఒరెస్ట్. ఆయన వెనక ఊరు ఊరంతా, చేతులు కట్టుకుని, డారెల్ వైపే చూస్తూ నిలబడింది. డారెల్ యాభై రెండన్నాడు. ఒరెస్ట్ యాభై ఐదన్నాడు. డారెల్ ఆ మొహాలన్నీ ఒకసారి చూసి, బురదలో ఉమ్మేసి, పాట వదులుకున్నాడు. మూడోసారి అయిపోయింది.

"ఏది ఏరుకుంటావు ఒరెస్ట్?" అన్నాడు క్లేటన్.

"అమ్మాయి నిలబడ్డదే," అన్నాడాయన. తాళంచెవి తీసుకొచ్చి లరిసా చేతిలో పెట్టి, పిడికిలి మూశాడు. "ఇరవై మూడు ఇళ్ళవాళ్ళం కలిపి వేశాం. ఇది నీదేనమ్మా."

జనం చప్పట్లు కొట్టారు. స్టెఫ్కా, ఒరెస్ట్ భార్య, కొంగులాంటి తన ఏప్రనుతో కళ్ళొత్తుకుంది. లరిసా నోరు తెరిచింది. అది చూసి ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి.

క్లేటన్ షెడ్డువైపుదాన్ని పాటకు పెట్టాడు. పదిహేనంటే ఎవరూ పలకలేదు. ఇంటావిడే ఊరికే ఇచ్చినా వద్దన్న సరుకుని ఎవరు పాడతారు? పన్నెండంటే, వచ్చినందుకు ఏదో ఒకటి అన్నట్టు డారెల్ వేలెత్తాడు. లరిసా దగ్గర డబ్బుంది. చెయ్యి పైకెత్తితే చాలు. ఎత్తితే నలభై జతల కళ్ళు ఎందుకని అడుగుతాయి, ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది. ఆమె చెయ్యి నడుము దాకా లేచింది. ఒరెస్ట్ ఆ మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"ఇంకోటెందుకమ్మా? విత్తనాలకి దాచుకో."

పన్నెండు వేలకి నిక్షేపంలాంటి ట్రాక్టరు డారెల్ పాలైంది. "ఈ డొక్కు నాకే తగిలిందేంట్రా!" అని అతను మొత్తుకుంటుంటే జనం కడుపుబ్బ నవ్వారు. వాళ్ళలో కలిసి లరిసా కూడా నవ్వాల్సి వచ్చింది.

పాడుకున్నది తోలుకుపోవాలి కదా. ఆమె ఎక్కి ఇంజను తిప్పింది. అది శుభ్రంగా పలికింది. తల్లి పొలానికి పదకొండు కిలోమీటర్ల మట్టిరోడ్డు. వెనక ఇరవై బళ్ళు హారన్లు మోగిస్తూ ఊరేగింపుగా వచ్చాయి. లరిసా ఇంజను వేడి చూపే ముల్లు తప్ప రోడ్డు చూడలేదు. రేపటిదాకా ఆగు, ఎవరూ లేనప్పుడు చావు అని దాన్ని బతిమాలుకుంది. ఒరెస్ట్ ఇంటి మలుపు కనిపిస్తుండగానే పొగగొట్టం తెల్లగా కక్కింది, ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగాయి.

ఒరెస్ట్ దిగి వచ్చి పుల్ల లాగాడు. వేలితో రాసి చూశాడు. నూనె పాలు కలిపిన కాఫీలా ఉంది. ఒక్క పూటలో పగిలే దిమ్మ కాదని, పొద్దున తేనెరంగులో ఉన్న ఆ కొత్త నూనె ఎవరో కావాలనే పోశారని ఆయనకి అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో లరిసా అంతసేపూ ఆయన మొహమే చూసింది.

"నీకోసం కాదు బాబాయ్. డారెల్ కోసం..."

"అడిగింది నేను కదా!"

"వాడు వింటున్నాడు."

"నేనూ విన్నాను." ఆయన వేలు ప్యాంటుకి తుడుచుకుని, వెనక్కి తిరిగి అరిచాడు. "ఏం లేదు, వేడెక్కింది! మీరెళ్ళండి, రేపు చూద్దాం!"

బళ్ళు చేతులూపుతూ, హారన్లు కొడుతూ పక్కనుంచి వెళ్ళిపోయాయి. స్టెఫ్కా బండి కిటికీలోంచి ముద్దు విసిరి ఇంటివైపు మలుపు తిరిగింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, ఒరెస్ట్ చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె ఒళ్ళో వేశాడు. ఇరవై మూడు ఇళ్ళ పేర్లు.

"నేను ఎవరికీ చెప్పను. నువ్వే ఇంటింటికీ వెళ్ళి చెప్పు. మా ఇంటితో మొదలుపెట్టు. నీ ట్రాక్టరు పండగని మా ఆవిడ బాతుని కాల్చడానికే వెళ్ళింది. ముందు తిను, తర్వాత చెప్పు."