అరికాళ్ల పదం

పోచన్న సంచి సర్దుతున్నాడు. తనది కాదు, హయాత్ బాషాది. రెండు లుంగీలు, నమాజు చాప, దువ్వెన, సగం అయిపోయిన కొబ్బరినూనె సీసా. మనిషి ఇంకా ఖర్జూరపు చెట్టు మీదే ఉన్నాడు. దిగేసరికి సంచి గుమ్మం బయట ఉండాలని పోచన్న పట్టుదల. అరబ్బు దేశపు ఈ అల్ ఐన్ తోటల్లో గదిలోంచి ఎవరినైనా వెళ్లగొట్టాలంటే అదే పద్ధతి. నోటితో ఎవరూ చెప్పరు.

కిందటి నెల ముదీర్, అంటే తోట మేనేజరు, ఇద్దరిని ఇంటికి పంపేశాడు. శుక్రవారం సెలవు పూట చాటుగా పక్క తోటలో కూలికి పోయినవాళ్లు. ఆ సంగతి ఎవరు చేరవేశారు? ఆ కూలికి పోచన్న కూడా పోతాడు. తర్వాతి వంతు తనదేనని అతనికి అన్నం సహించడం లేదు.

గదిలో నలుగురు. పోచన్న, వాళ్ల జగిత్యాల వైపే అయిన పర్శరాములు, ఒక పఠాన్, రాయచోటి నుంచి వచ్చిన హయాత్ బాషా. మిగతావాళ్లు ఫోన్ మాట్లాడితే తోటంతా వినబడుతుంది. హయాత్ బాషా మాత్రం మూలకు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణుగుతాడు. హలో అనడు. అవతలి మాట వినడు. మధ్యలో ఆగి ఎవరో ఒకరి కాళ్ల వైపు చూస్తాడు. ఒకసారి పోచన్న పేరు స్పష్టంగా వినబడింది. ఇంకేం కావాలి? వీడితో మాకు పడదు, ఎడారి తోటకు మార్చమని పోచన్న ముదీర్‌కు చెప్పి వచ్చాడు. ముదీర్ వెంటనే సరేననడం ఇంకో అనుమానమైంది. వీణ్ణి అక్కడివాళ్ల మీద నిఘాకు వదులుతాడేమో.

హయాత్ బాషా చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని వచ్చాడు. సంచిని చూశాడు.

"ఎవురు పోతాండారన్నా?"

"నువ్వే. బండి అచ్చింది," అన్నాడు పోచన్న.

"ఫోన్ల ఎవలికి చెప్తున్నవ్ మా ముచ్చట్లు?" పర్శరాములు మంచం మీంచే అడిగాడు.

"ఎవురికీ కాదు. నాకు రాసేది రాదు. పదం కట్టినాక మర్చిపోతానని ఫోన్లో చెప్పి పెట్టుకుంటా."

"పదమా? సినిమాలకు పోతవా ఏంది? ఏదీ, చెప్పు." పర్శరాములు నవ్వాడు.

అతను మోకు దించకుండానే చెప్పాడు.

"కిందనుంచి చూస్తే అన్నీ అరికాళ్లే
పోచన్న పగులేదో, పఠాన్ పగులేదో
మోసే మానుకు తెలీదు
జుమ్మా నాడు పక్క తోటలో ఎక్కినా
అవే కాళ్లు, అదే బరువు."

పర్శరాములు నవ్వు ఆగింది. "మల్లోసారి చెప్పు," అన్నాడు. తర్వాత పోచన్న వైపు తిరిగి, "ఉండనియ్యరాదే అన్నా," అన్నాడు.

పోచన్నకు శుక్రవారాన్ని చెప్పిన జుమ్మా అన్న మాటే చెవిలో నిలిచింది. "మేం పక్క తోటకు పోతమని ఎప్పటిసంది ఎరుక నీకు?"

"వచ్చిన వారం నుంచి."

"ఎవలికి చెప్పినవ్?"

"చెప్పింటే నువ్వు ఈడుంటావా అన్నా?"

అదీ నిజమే. కానీ పదం ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోవడానికి ఎంతసేపు? రేపు ఎవరో కూనిరాగం తీస్తే ముదీర్ చెవిన పడదా?

బయట డ్రైవర్ యల్లా, యల్లా అని తొందరపెడుతూ కేకేశాడు.

"నీకు అరబ్బీ వస్తాది కదన్నా," అన్నాడు హయాత్ బాషా. "ముదీర్‌కు ఒక్క మాట చెప్పు. మీతోనే ఉంటా."

పోచన్న చెప్పులు తొడుక్కుని వెళ్లాడు. ముదీర్ తలెత్తి చూశాడు. వీడితో పడదని అబద్ధం చెప్పానంటే, ఎందుకు చెప్పావంటాడు. ఆ ఎందుకు వెనకాల శుక్రవారాలన్నీ ఉన్నాయి. పోచన్న నీళ్ల మోటరు ఎప్పుడు బాగుచేయిస్తారని అడిగి తిరిగి వచ్చాడు.

"ఒప్పుకోలే," అన్నాడు.

హయాత్ బాషా సంచి భుజాన వేసుకుని, మోకు పర్శరాములు చేతికిచ్చి బండెక్కాడు.

అది 2023 జూలై. హయాత్ బాషా ఆ తోటకు మళ్లీ రాలేదు.